వాగు పొంగినప్పుడు

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. వానలు ముదురుతున్నాయి కాబట్టి ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. రోడ్డు మీద పారే నీళ్లలో దిగొద్దు. మోకాలు లోతేగా అని ఎవరన్నా సరే, వద్దు.

లోతు కన్నా వడి ప్రమాదం. వేగం రెట్టింపైతే నీటి తోపుడు నాలుగింతలవుతుంది. అర అడుగు నీళ్లు వడిగా పారుతుంటే పెద్దవాళ్లకే కాళ్లు నిలవవు. కార్లో ఉంటే ఫర్వాలేదనుకోకండి. చిన్న కారు అడుగుభాగం ఇంచుమించు 5 చదరపు మీటర్లు. దాన్ని దాటి నీళ్లు 10 సెంటీమీటర్లు పెరిగితే అర టన్ను బరువును పైకెత్తినట్టే. ఇంకో 10 పెరిగితే టన్ను బరువున్న కారు తేలి, చప్టా మీంచి పక్కకు జారుతుంది. పైగా బురద నీళ్ల కింద చప్టా అంచు కోసుకుపోయినా, రోడ్డు తెగి గుంత పడినా పైకి తెలియదు. అందుకే స్కూలు ఆటో అన్న నీళ్లలోకి పోనిస్తుంటే “అన్నా, ఆపు, దిగిపోతాం” అని అడగండి. అది ఎదురు చెప్పడం కాదు.

మీ ఊళ్లో ఎండ కాస్తున్నా వాగు రావచ్చు. ఒక్క చదరపు కిలోమీటరులో 10 సెంటీమీటర్ల వాన పడితే 10 కోట్ల లీటర్లు, అంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు 10 వేలు! వాగుకు ఎన్నో చదరపు కిలోమీటర్ల నీళ్లు చేరతాయి. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు వాగు కాలనీలను ముంచిందంటే, ఎగువన మహబూబాబాద్ వైపు కుండపోతగా కురిసిన వాన కూడా అందులో ఉంది. వాగులో ఆడుతుండగా నీళ్లు ఎర్రబడినా, చెత్తా కొమ్మలూ కొట్టుకొచ్చినా, పైనుంచి హోరు వినిపించినా చెప్పులు, బట్టలు వదిలేసి మెరకకు ఎక్కండి. వాగు వెంట పరుగెత్తొద్దు, గట్టు వైపు ఎక్కాలి.

పట్నంలో భయం వేరు. మూత లేచిన మ్యాన్‌హోల్ నీళ్ల కింద కనిపించదు. కరెంటు స్తంభాల్ని, తెగిన తీగల్ని ముట్టుకోవద్దు, దగ్గరికీ పోవద్దు. కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయించండి. ఇంట్లోకి నీళ్లు వచ్చేలా ఉంటే, నేల పొడిగా ఉన్నప్పుడే పెద్దవాళ్లతో మెయిన్ స్విచ్ ఆపించాలి. తడి కాళ్లతో దాని జోలికి వెళ్లకూడదు.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకొద్దు, ఈత వచ్చినా సరే. గట్టు మీద పడుకుని తాడో, వెదురు గడో, చీరో అందించండి. మూత బిగించిన ఖాళీ క్యాన్ విసిరినా పట్టుకుని తేలతారు. మీరే పడిపోతే వెల్లకిలా తిరిగి, కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టండి, రాళ్లు తలకు తగలవు. ఎదురీదొద్దు, ఏటవాలుగా ఒడ్డుకు జరగండి.

అత్యవసర నంబరు 112కి ఫోన్ చేస్తే ఏడుపు ఆపుకుని వాగు పేరు, దగ్గరి ఊరు, మనిషి ఏ ఒడ్డు వైపు ఉన్నాడో చెప్పండి. వాళ్లు పెట్టమనే దాకా ఫోన్ పెట్టకండి.

మీ తాతయ్య