గలాథియా బేకి పేరిచ్చిన ఓడ, దాని కెప్టెన్

అండమాన్ నికోబార్ దీవుల్లోని గ్రేట్ నికోబార్‌లో ప్రభుత్వం తలపెట్టిన ప్రాజెక్టు మీద గొడవ మళ్ళీ రాజుకుంది. కంటైనర్ పోర్టు కట్టబోయే గలాథియా బే పేరు రోజూ వార్తల్లో చూస్తూనే ఉన్నాం. ఆ పేరు ఓ డేనిష్ యుద్ధనౌకది. 1846లో దాన్ని అక్కడికి తెచ్చిన కెప్టెన్ స్టీన్ అండర్సన్ బిల్లె.

డేన్లు, అంటే డెన్మార్క్‌వాళ్ళు, 1756 నుంచి నికోబార్‌ని తమదంటూ రావడం, జ్వరాలకి జనం రాలిపోవడం, మూటాముల్లె సర్దుకుని పోవడం చాలామంది రాసిన కథే, దాన్ని వదిలేద్దాం. ఇవాళ్టి తగాదాకి అసలు మూలం బిల్లె ప్రయాణంలోనే ఉందని నా అభిప్రాయం.

1797లో పుట్టిన బిల్లె నౌకాదళంలో పేరున్న వంశంవాడు. అప్పటికి డెన్మార్క్ బాగా చితికిపోయి ఉంది: 1807లో బ్రిటిష్‌వాళ్ళు యుద్ధనౌకల్ని పట్టుకుపోయారు, 1814లో నార్వే చేజారింది. 1845 ఫిబ్రవరిలో మన దేశంలో తమ చేతిలో ఉన్న తరంగంబాడిని (తమిళనాడు), శ్రీరాంపూర్‌ని (బెంగాల్) ఈస్టిండియా కంపెనీకి 12.5 లక్షల రూపాయలకు అమ్మేశారు. నికోబార్‌ని మాత్రం ఆ బేరంలో కలపలేదు. అదే ఏడాది జూన్‌లో కోపెన్‌హేగన్ నుంచి తెరచాపలెత్తిన గలాథియాకి రాజు క్రిస్టియన్ 8 అప్పగించిన పనుల్లో ఒకటి అమ్మిన ఊళ్ళ అప్పగింత చూడటం, ఇంకొకటి మిగిలిన దీవుల్లో పనికొచ్చేదేమైనా ఉందేమో తేల్చడం.

అందుకే ఓడలో ఫిరంగులతో పాటు శాస్త్రవేత్తలూ చిత్రకారులూ ఉన్నారు. గ్రేట్ నికోబార్ అడవుల్లో ఉండే షోంపెన్ గిరిజనులతో యూరోపియన్ల తొలి పరిచయం బిల్లెతోనే, ఆ 1846లోనే జరిగిందని చెబుతారు. భూగర్భ శాస్త్రవేత్త హిన్రిక్ రింక్ దీవుల్ని పరిశీలిస్తూ కొన్ని నెలలు అక్కడే ఉండిపోయాడు, చివరికి మలేరియా తట్టుకోలేక బయటపడ్డాడు. (ఈ రింకే తర్వాత గ్రీన్‌లాండ్ వెళ్ళి అక్కడ డేనిష్ పాలనలో పెద్ద అధికారి అయ్యాడు.)

బిల్లె మాత్రం ఆగలేదు. చైనా మీదుగా హవాయి చేరి 1846 అక్టోబర్‌లో అక్కడి రాజుతో డెన్మార్క్ తరఫున ఒప్పందం మీద సంతకం చేశాడు, 1847 ఆగస్టుకి ఇంటికి చేరాడు, మూడు సంపుటాల్లో యాత్ర రాశాడు, తర్వాత నౌకాదళ మంత్రి కూడా అయ్యాడు. మర్యాదస్తుడే కావచ్చు. కానీ హవాయి రాజుతో కూర్చుని సంతకాలు చేసిన దేశానికి నికోబార్‌వాళ్ళతో కూడా అలా కూర్చుని మాట్లాడాలని తట్టలేదు, ఎందుకంటే ఆ దీవులు అప్పటికే తమ ఖాతాలో ఉన్నాయని వాళ్ళ లెక్క.

1848 జనవరిలో రాజు పోయాడు, కొద్ది నెలల్లోనే జర్మన్లతో ష్లెస్విగ్ యుద్ధం వచ్చిపడింది. అదే ఏడాది వాల్‌కిరియన్ అనే ఇంకో ఓడ వచ్చి డేనిష్ జెండాల్ని ఊడదీసుకుపోయింది. అయినా హక్కు కాగితం మాత్రం కోపెన్‌హేగన్‌లోనే ఉండి, 1868లో బ్రిటన్‌కి చేతులు మారింది. మరుసటి ఏడాదే బ్రిటిష్‌వాళ్ళు నికోబార్ దీవుల్లోని కమోర్తాలో ఖైదీల శిబిరం పెట్టారు. ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ యూరప్‌వాళ్ళే, నేల మీద బతికేవాళ్ళ మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు ప్రభుత్వం చెప్పేదేమంటే, మలక్కా జలసంధి పక్కనే ఉన్న చోటు, దేశరక్షణకి కీలకం, షోంపెన్‌లకి ఇబ్బంది రానివ్వం అని. గలాథియా బే అభయారణ్యం హోదాని 2021 జనవరిలోనే తీసేశారు. వందల కిలోల లెదర్‌బ్యాక్ సముద్ర తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుక తవ్వి గుడ్లు పెట్టేది అక్కడే. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవిని ప్రాజెక్టుకి మళ్ళించారు.

తీరాల్లో బతికే ఇంకో తెగ నికోబారీల వాదన ఇంకా సూటిగా ఉంది. 2004 సునామీకి ముందు వాళ్ళ ఊళ్ళు ఆ తీరాల్లోనే ఉండేవి. ప్రాణాలతో మిగిలినవాళ్ళని క్యాంప్‌బెల్ బే దగ్గర రాజీవ్ నగర్, న్యూ చింగెన్ కాలనీల్లో పెట్టారు. మా ఊళ్ళకి మమ్మల్ని పోనివ్వండని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. 2022 ఆగస్టులో అధికారులు వాళ్ళ ట్రైబల్ కౌన్సిల్ చేత ప్రాజెక్టుకి అభ్యంతరం లేదని రాయించుకున్నారు. ప్రాజెక్టు స్థలంలో తమ పాత ఊళ్ళు కూడా కలిశాయని తమకి చెప్పలేదంటూ నవంబర్‌లో కౌన్సిల్ ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుంది.