తాగే నీళ్లు వేరు, తినే నీళ్లు వేరు

వంద గ్రాముల కీరాలో 95 గ్రాములు నీళ్లే. టమాటాలో 94, క్యాబేజీలో 92, పాలకూరలో 91. ఈ లెక్క వినగానే "అయితే అందులో తినడానికి ఏముంది, అంతా నీళ్లేగా" అని పెదవి విరిచేవాళ్లు చాలామంది. నిజానికి ఒళ్లు పెరగకుండా కడుపు నింపే విషయంలో కూరగాయలు చేసే మేలులో పెద్ద వాటా ఆ నీళ్లదే. మరి గ్లాసుడు నీళ్లు తాగేసి కూర్చుంటే సరిపోదా అంటే, సరిపోదు.

1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ బృందం సరిగ్గా ఇదే తేల్చుకుందామనుకుంది. 24 మంది మహిళలకు మధ్యాహ్నం భోజనానికి కాస్త ముందు, ఒకరోజు చికెన్, అన్నం కలిపి వండిన వంటకం కొద్దిగా పెట్టారు. ఇంకోరోజు అదే వంటకంతో పాటు ఓ పెద్ద గ్లాసు నీళ్లు ఇచ్చారు. మరోరోజు ఆ నీళ్లను వంటకంలోనే పోసి సూప్‌గా కాచి ఇచ్చారు. మూడు రోజులూ సరుకులు అవే, క్యాలరీలూ అవే, సుమారు 270. తర్వాత భోజనం ఎంత కావాలంటే అంత తినమన్నారు. నీళ్లు విడిగా తాగిన రోజుకీ, అసలు ఇవ్వని రోజుకీ తేడా ఏమీ కనపడలేదు. సూప్ రోజున మాత్రం దాదాపు 100 క్యాలరీలు తక్కువ తిన్నారు. పోనీ, రాత్రి భోజనంలో ఆ లోటు పూడ్చుకున్నారా అంటే అదీ లేదు.

కారణం జీర్ణాశయం పనిచేసే తీరులో ఉంది. విడిగా తాగిన నీళ్లు అక్కడ ఎక్కువసేపు నిలవవు, గబగబా చిన్నపేగులోకి జారిపోతాయి. ఆహారంలో కలిసిపోయిన నీళ్లు ఆహారంతో పాటే నిదానంగా కదులుతాయి. జీర్ణాశయం గోడ సాగినకొద్దీ వేగస్ నాడి మెదడుకు కబురు పంపుతుంది. గోడ ఎంత సాగిందన్నదే ఆ కబురు, తిన్నదాంట్లో ఎన్ని క్యాలరీలున్నాయన్నది అందులో ఉండదు. పోషకాల సంగతి ఆ తర్వాత పేగులు చూసుకుంటాయి. కూరగాయల్లో నీళ్లు సెల్యులోజ్ అనే పీచు గోడల మధ్య, ఒక్కో కణంలోనూ బందీగా ఉంటాయి. ఆ సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. నమలడానికీ టైమ్ పడుతుంది, కదలడానికీ టైమ్ పడుతుంది.

వంద గ్రాముల చొప్పున చూస్తే కీరాలో 15 క్యాలరీలు, పాలకూరలో 23, క్యారెట్‌లో 41. వండిన తెల్లన్నంలో 130. నూనెలో దాదాపు 900. ఈ చివరి అంకె మీద ఓ కన్నేసి ఉంచండి, మొత్తం వ్యవహారం చెడేది అక్కడే.

అదే బృందం 2004లో భోజనానికి ముందు సలాడ్ పెట్టి చూసింది. తేలికపాటి సలాడ్ 300 గ్రాములు తిన్న రోజున, సలాడ్‌తో సహా లెక్కేసినా, మొత్తం భోజనంలో క్యాలరీలు 12 శాతం తగ్గాయి. అంతే బరువున్న సలాడ్‌లో చీజ్, పైన పోసే డ్రెస్సింగ్, అదీ కొవ్వు ఎక్కువున్నది, దండిగా వేసిన రోజున 17 శాతం పెరిగాయి. రెండూ సలాడ్లే, చూపుకి రెండూ ఆరోగ్యమే. వంకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు, మూకుడులో వేస్తే స్పాంజిలా నూనె పీల్చేస్తుంది. ఆవిరి మీద కాస్త మగ్గనిచ్చి తర్వాత నూనె తగిలిస్తే ఆ పీల్చుడు బాగా తగ్గుతుంది.

అలాగని నూనెను పూర్తిగా బహిష్కరించడమూ తెలివైన పని కాదు. క్యారెట్, ఆకుకూరలు, టమాటాల్లోని కెరోటినాయిడ్లు, అంటే ఒంటికి మేలు చేసే రంగు పదార్థాలు, కొవ్వులో కరిగేవి. 2004లోనే అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కొవ్వు లేని డ్రెస్సింగ్‌తో సలాడ్ తినిపించి రక్తపరీక్షలు చేస్తే, కెరోటినాయిడ్లు దాదాపు ఏమీ రక్తంలోకి చేరలేదు. ఒక టీస్పూన్ నూనె అంటే 40 క్యాలరీలు. ఆ మాత్రం ఖర్చు పెట్టడం దండగ కాదని నా అభిప్రాయం. భోజనంలో గుడ్డో, గింజలో ఉంటే వాటిలో కొవ్వూ ఈ పనికి వస్తుంది.

ఇక రోజూ తినేదాంట్లో కూరగాయలు పెంచడమెలా? చాలామంది పళ్లెంలో ఉన్నవన్నీ అలాగే ఉంచి పక్కన ఇంకో కూర చేరుస్తారు. దానికంటే ఉన్న వంటకంలోనే కొంత తీసి ఆ చోటు కూరగాయకు ఇవ్వడం మేలు. 2011లో వచ్చిన మరో అధ్యయనంలో రోల్స్ బృందం కాలీఫ్లవర్, గుమ్మడి జాతి కాయ, క్యారెట్‌లను మెత్తగా రుబ్బి మామూలు వంటకాల్లో కలిపేసింది. తిన్నవాళ్లు ఎప్పటిలాగే అంతే బరువు తిన్నారు, ఆకలిగా ఉందనీ అనలేదు. కూరగాయ ఎక్కువ కలిపిన రోజున మాత్రం సుమారు 350 క్యాలరీలు తక్కువ పడ్డాయి. అయితే పిల్లల విషయంలో ఇలా దాచిపెట్టడం ఒక్కటే నమ్ముకోకూడదు. కొత్త కూర పది పదిహేను సార్లు రుచి చూశాకే చాలామంది పిల్లలకు అలవాటవుతుంది, కనపడని కూర అలవాటెలా అవుతుంది?

వండినవి తినాలా, పచ్చివా అన్న తగువు అనవసరం. గిన్నె నిండా పాలకూర వేసి మూత పెడితే నాలుగు నిమిషాల్లో గుప్పెడు అవుతుంది. వేడికి కణాల పొరలు చిట్లి, ఆకును బిర్రుగా నిలబెట్టిన నీళ్లు బయటికి వచ్చేస్తాయి. పచ్చిగా అంత ఆకు తినాలంటే దవడలు నొప్పెడతాయి, వండితే నాలుగు ముద్దల్లో అయిపోతుంది. కాకపోతే ఊరిన ఆ నీళ్లను పారబోయొద్దు, విటమిన్ సి అందులోకే దిగుతుంది. టమాటాకు ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ మాత్రం ఉడికాకే బాగా ఒంటబడుతుంది.

పాలకూరకు ఓ లోపమూ ఉంది. కాల్షియం ఉంది గానీ ఆ ఆకులోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టి ఉంచడంతో మనకు దక్కేది 5 శాతం మాత్రమే. పాలలోదైతే పావు వంతుకు పైనే దక్కుతుంది. అందుకే ఒకే కూరను పట్టుకుని వేలాడకుండా మార్చి మార్చి తినడం మంచిది.

రోజుకు పండ్లు, కూరగాయలు కలిపి కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బంగాళాదుంపలాంటి పిండి దుంపలు ఇందులో లెక్కకు రావు. ఇప్పుడు తింటున్నది తక్కువైతే రెండు మూడు వారాలు తీసుకుని పెంచండి, పీచు ఒక్కసారిగా పెరిగితే గ్యాస్‌తో ఉబ్బరం తప్పదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆకుకూరలు మానేయనక్కర్లేదు గానీ, వాటిలో విటమిన్ కె ఎక్కువ కాబట్టి ఒకరోజు కుప్పలు, ఒకరోజు సున్నా అన్నట్టు కాకుండా మోతాదు ఒకేలా ఉంచుకోవాలి. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లు ఏ కూర ఎంత తినొచ్చో ముందుగా డాక్టర్‌నే అడగాలి.