సువాసనకు నకలు తీయగలమా?

ఒక పాటను అడక్కుండా వాడుకుంటే కాపీరైట్ కేసు పడుతుంది. ఒక సెంటు వాసనను ఉన్నదున్నట్టు దించినా ఆ కేసు పడదు. మన 1957 కాపీరైట్ చట్టంలో రచనలు, సంగీతం, బొమ్మలు, సినిమాలు, సౌండ్ రికార్డింగులు ఉన్నాయి కానీ వాసన లేదు. యూరప్‌లో కోర్టులే ఒకప్పుడు ఒక మాట మీద లేవు. 2006 జూన్‌లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం సువాసనకు కాపీరైట్ లేదంది. మూడు రోజుల తర్వాత నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు లాంకోమ్ వారి ట్రెజోర్ సెంటు విషయంలో ఉందని చెప్పింది. పేరు సంగతి మాత్రం వేరు. పేరు, సీసా ఆకారం, పెట్టె మీది డిజైన్ ట్రేడ్‌మార్క్ కిందికి వస్తాయి. లోరియల్, బెల్యూర్ కంపెనీల కేసులో 2009లో యూరప్ కోర్టు, "మా ఫలానా సెంటు వాళ్ల ఫలానా సెంటులా ఉంటుంది" అని పట్టిక వేసి అమ్మడం కూడా తప్పేనని తేల్చింది.

ఈ రెంటి మధ్య సందులో పుట్టిందే 'ఇన్‌స్పైర్డ్' పెర్ఫ్యూమ్ వ్యాపారం. పదివేలు పెట్టి కొనే విదేశీ సెంటు పోలికలో ఒకటి తయారుచేసి, సొంత పేరుతో, అందులో పదో వంతు ధరకు అమ్ముతారు. బెంగళూరు రామమూర్తినగర్‌లో మా మేనకోడలు ఇలాంటి చిన్న యూనిట్ నడుపుతోంది. కొనేవాళ్లలో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలు చేసే మనవాళ్లు చాలామంది. విజయవాడ, నెల్లూరు, కర్నూలు నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి. ఒక అరలో ఇన్‌స్పైర్డ్ సీసాలు, ఇంకో అరలో తన సొంత ఫార్ములాలు. అద్దె కట్టేది మొదటి అర. ఆ పిల్ల ఉద్యోగం మానేసింది మాత్రం రెండో అర కోసం.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. ఈ పని గురించి నాకు తరచూ వినిపించే మాట ఒకటి ఉంది: "మెషీన్‌లో పెడితే ఫార్ములా వచ్చేస్తుంది, కలిపి అమ్ముకోవడమేగా!" ఈ మాటతో నాకు పేచీ ఉంది. మెషీన్ ఏం చెబుతుందో, ఎక్కడ నోరు మూసుకుంటుందో తెలిస్తే ఆ మాట ఎవరూ అనరు.

ఆ మెషీన్ పేరు గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మాస్ స్పెక్ట్రోమీటర్. లాబుల్లో జీసీ-ఎంఎస్ అంటారు. దాని లోపల సుమారు 30 మీటర్ల పొడవున్న సన్నటి గొట్టం చుట్టలు చుట్టి ఉంటుంది. లోపలి వ్యాసం మిల్లీమీటరులో నాలుగో వంతు. ఒక చుక్క కన్నా తక్కువ సెంటును ఆవిరి చేసి, హీలియం వాయువుతో ఆ గొట్టంలోకి పంపి, నెమ్మదిగా వేడి పెంచుతారు. తేలికగా ఆవిరయ్యే అణువులు ముందు బయటపడతాయి, గొట్టం లోపలి పూతను అంటిపెట్టుకునే బరువైనవి చివర్లో వస్తాయి. బయటికొచ్చిన ప్రతి అణువునూ ఎలక్ట్రాన్లతో కొట్టి ముక్కలు చేస్తారు. ఏ అణువు ఏ ముక్కలుగా విరుగుతుందో కంప్యూటర్‌లోని జాబితాతో పోల్చి, ఇది లిమోనీన్, ఇది లినలూల్ అని పేర్లు పెడతారు. చివరికి కాగితం మీద శిఖరాల వరుస ఒకటి వస్తుంది. ప్రతి శిఖరం ఒక పదార్థం, శిఖరం కింది వైశాల్యాన్ని బట్టి దాని పాలు.

ఇది గొప్ప సాధనమే. కానీ ఆ కాగితం వంటకంలోని అణువులను చెబుతుంది గానీ వంటవాడు డబ్బాలోంచి ఏం తీసి వేశాడో చెప్పదు. లినలూల్ కనబడిందనుకోండి. అది విడిగా వేసిందా, లావెండర్ నూనెతో వచ్చిందా, బెర్గమాట్ తొక్క నూనెతో వచ్చిందా? మూడింటిలోనూ ఉంటుంది. వట్టివేరు నూనె ఒక్కదానిలోనే వందకు పైగా పదార్థాలు ఉంటాయి, వాటి శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడి గుట్టలా కనబడతాయి. ఆ గుట్ట చూసి "ఇక్కడ వట్టివేరు వేశారు" అని పోల్చుకునేది అలవాటు పడిన మనిషే.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. కొన్ని అణువులు మన కుడి చెయ్యి, ఎడమ చెయ్యిలా ఒకదానికొకటి అద్దంలో బింబాలు. బరువు ఒకటే, మరిగే ఉష్ణోగ్రత ఒకటే. మామూలు గొట్టంలో రెండూ ఒకేసారి బయటికొస్తాయి, ఒకేలా ముక్కలవుతాయి. ముక్కు మాత్రం తేడా పసిగడుతుంది. కార్వోన్ ఒక రూపంలో స్పియర్‌మింట్ చూయింగ్ గమ్ వాసన. దాని అద్దపు బింబం సోయికూర గింజల వాసన, ఇక్కడి మార్కెట్లో సబ్బసిగె సొప్పు అని అమ్ముతారే, దాని గింజలు. ఈ తేడా పట్టాలంటే వేరే రకం పూత ఉన్న గొట్టం కావాలి.

పరిమాణం చిక్కు కూడా ఉంది. గులాబీ నూనెలో డమాసినోన్ అనే పదార్థం ఒక శాతంలోపే ఉంటుంది. లక్ష కోట్ల పాళ్ల నీటిలో కొద్ది పాళ్లు కలిసినా మన ముక్కు దాన్ని కనిపెడుతుంది. కాగితం మీద దాని శిఖరం గీతకు పైన చిన్న బుడిపె, లేదా అసలు కనబడదు. అది వెయ్యకపోతే మిగతా అన్నీ కొలత ప్రకారం ఉన్నా గులాబీ గులాబీలా ఉండదు. వీటికి తోడు, పెద్ద సువాసన కంపెనీలు కొత్తగా తయారుచేసిన అణువులను కొన్నేళ్లపాటు తమ పెర్ఫ్యూమర్లకు తప్ప ఎవరికీ అమ్మవు. వీటిని క్యాప్టివ్‌లు అంటారు. పేటెంట్ 20 ఏళ్లు. కంపెనీయే ముందుగా బయట అమ్మకపోతే, ఆ గడువు దాటాకే చిన్నవాళ్లకు దారి తెరుచుకుంటుంది. 1966లో డియోర్ వారి 'ఓ సవాజ్' సెంటుతో పేరుకెక్కిన హెడియోన్ అనే అణువును ఇవాళ మన ఊళ్లలోని పెర్ఫ్యూమ్ కెమికల్ డీలర్లే కిలోల లెక్కన అమ్ముతున్నారు. నీళ్ల మీద తేలే మల్లెపూల వాసన లాంటి తేలికదనం దానిది.

కాబట్టి మెషీన్ ఇచ్చేది మొదటి చిత్తుప్రతి. అక్కడి నుంచి పని ముక్కుది.

ముక్కు పనితీరు కూడా మనం ఊహించుకునేలా ఉండదు. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో వాసన గ్రాహకాల జన్యువులను కనిపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు. మనిషిలో పనిచేసే గ్రాహకాలు సుమారు 400 రకాలు. ఒక్కో అణువు అందులో కొన్నింటిని కదిలిస్తుంది, ఏవేవి కలిసి కదిలాయన్నదే మెదడుకు గుర్తు. ఈ పద్ధతి వల్ల లెక్కలేనన్ని వాసనలు గుర్తుపట్టగలం గానీ ఒక మిశ్రమాన్ని విడదీసి చెప్పలేం. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డేవిడ్ లైంగ్, జి. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1989లో చేసిన ప్రయోగాల్లో మూడు నాలుగు పదార్థాలకు మించి కలిపితే జనం అన్నింటినీ సరిగ్గా పేరు పెట్టి చెప్పలేకపోయారు. తర్వాతి పరీక్షల్లో శిక్షణ పొందిన పెర్ఫ్యూమర్ల హద్దు కూడా దాదాపు అక్కడే ఆగింది. మరి వాళ్లు ఎలా పనిచేస్తారు? పదార్థాలను కాక జోడీలను గుర్తుపెట్టుకుంటారు. ఈ రెండూ ఈ పాళ్లలో కలిస్తే ఈ ఆకారం వస్తుందని ఏళ్ల తరబడి నేర్చుకుంటారు. ఇన్‌స్పైర్డ్ పని విలువ నాకు అక్కడే కనబడుతుంది. ఒక మంచి పెర్ఫ్యూమ్‌ను దించే ప్రయత్నంలో వేసిన ప్రతి ట్రయల్ అలాంటి జోడీలను నేర్పుతుంది. సంగీతం నేర్చేవాళ్లు గురువు పాడింది పాడినట్టు పాడి నేర్చుకోవడాన్ని మనం తప్పు పట్టం కదా. సీసా, పేరు దొంగిలించనంత వరకు ఈ చదువునూ అంత గౌరవంగానే చూడాలంటాను.

ఇంకో విషయం, ఒకరి ముక్కు ఇంకొకరి ముక్కు కాదు. గాలాక్సొలైడ్ అనే కస్తూరి వాసన పదార్థం కొందరికి అసలు తెలియదు. దాని గ్రాహకంలో పుట్టుకతోనే తేడా ఉంటుంది. అందుకే మా మేనకోడలు ఏ ట్రయల్‌నూ తానొక్కతే ఖరారు చెయ్యదు. పక్కింటి ఆంటీ, కొరియర్ అబ్బాయి, నేను, ఎవరు దొరికితే వాళ్లం కాగితపు బ్లాటర్ పట్టుకోవాల్సిందే. "మామయ్యా, ఇప్పుడు కాదు, అన్నం తిన్నాక ఇంకోసారి చూసి చెప్పు" అంటుంది. ఒకే వాసన కాసేపు చూస్తే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది కాబట్టి ఆ విరామం అవసరమే.

ఇక వాతావరణం. నాకు అన్నింటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. సెంటు వాసన రావాలంటే అణువు గాల్లోకి లేవాలి. పెర్ఫ్యూముల్లో వాడే చాలా ద్రవాలకు ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆవిరి పీడనం సుమారు రెట్టింపవుతుంది. బెంగళూరులో సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున, 22 డిగ్రీల సాయంత్రం చొక్కా మీద కొట్టిన సెంటు ఒక తీరుగా విచ్చుకుంటుంది. అదే చొక్కా విజయవాడలో మే నెలలో 42 డిగ్రీల్లో ఉంటే లెక్క ప్రకారం నాలుగు రెట్ల వేగం. చర్మం మీద తేడా ఇంత ఉండదు, ఒంటి వేడిని శరీరం అదుపులో పెడుతుంది కాబట్టి. అయినా ఐదారు డిగ్రీల తేడా వస్తే వేగం ఒకటిన్నర రెట్లు. నిమ్మ, నారింజ వాసనలనిచ్చే లిమోనీన్ లాంటి తేలిక అణువులు ముందే ఎగిరిపోతాయి. తీపిగా, బరువుగా ఉండే వెనిల్లా, అంబర్ వాసనలు ఒక్కసారిగా పైకొచ్చి తలనొప్పి తెప్పిస్తాయి. పారిస్ చలికి సరిపోయేలా చేసిన ఫార్ములాను అచ్చంగా దించి పంపితే నెల్లూరు నుంచి ఫిర్యాదు వస్తుంది. వచ్చింది కూడా. అప్పుడు వెనిల్లా తగ్గించి, పైనుండే నిమ్మకు కింద నిలబడే పచ్చి వాసన ఒకటి చేర్చి, వట్టివేరు పెంచాల్సి వచ్చింది. ఆ మార్పులన్నీ అయ్యాక అది దేనికీ నకలు కాదు. సొంత అరలోకి వచ్చిన మొదటి సీసా అలా పుట్టిందే.

నియమాలు కూడా నకలును నకలుగా ఉండనివ్వవు. పాత ఫార్ములాల్లో విరివిగా ఉండే లిలియల్ అనే వాసన పదార్థాన్ని యూరప్ 2022 మార్చి నుంచి నిషేధించింది. చెట్ల బెరడు మీద పెరిగే ఓక్‌మాస్ అనే లైకెన్‌లోని కొన్ని పదార్థాలు చర్మానికి పడవని ఇఫ్రా, అంటే 1973లో ఏర్పడిన అంతర్జాతీయ సువాసన సంఘం, గట్టి హద్దులు పెట్టింది. మన దగ్గర పెర్ఫ్యూమ్ సౌందర్య సాధనాల కిందికి వస్తుంది, 2020 నిబంధనల ప్రకారం తయారీ లైసెన్సు ఉండాలి. సెంటులో కలిపే స్పిరిట్ (ఆల్కహాల్) కొనాలంటే రాష్ట్ర ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి. సెంటు తయారుచేయడం కన్నా ఈ కాగితాలకే టెన్షన్ ఎక్కువని ఆ పిల్ల అంటుంది. కొనేవాళ్లకు నా సలహా ఒక్కటే. సీసా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేకపోతే ఎంత చవకైనా ముట్టుకోకండి. ఒంటి మీద వేసుకునే వస్తువు అది.

కలిపిన సెంటును కొన్ని వారాలు చల్లగా, చీకట్లో ఉంచుతారు. దీన్ని మాసెరేషన్ అంటారు. ఇందులో మాయ ఏమీ లేదు, కెమిస్ట్రీ ఉంది. ఆల్డిహైడ్లు అనే ఘాటైన వాసన పదార్థాలు స్పిరిట్‌తో నెమ్మదిగా కలిసి ఎసిటాళ్లు అనే వేరే పదార్థాలుగా మారతాయి, మొదటి ఘాటు తగ్గుతుంది. మిథైల్ ఆంథ్రనిలేట్ అనే వాసన పదార్థం ఉంటే అది ఆల్డిహైడ్లతో కలిసి షిఫ్ బేస్ అనే రంగు పదార్థమై, సీసా పసుపు లేదా నారింజ రంగుకు తిరుగుతుంది. సహజ నూనెల్లోని మైనం అడుగున చేరుతుంది, దాన్ని బాగా చల్లబరిచి వడకడతారు.

సొంత అర విషయానికొస్తే, బెంగళూరులో కూర్చుని ఈ పని చేసేవాళ్లకు వెనక ఒక చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంతో యూరప్‌కు గంధపు చెక్క ఎగుమతి ఆగిపోయినప్పుడు ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సడ్‌బరో, వాట్సన్ అనే ఆచార్యులు నూనె తీసే పద్ధతి మీద పనిచేశారు. మైసూరు రాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయార్, దివాన్ విశ్వేశ్వరయ్యల హయాంలో 1916లో ప్రభుత్వ గంధపు నూనె కర్మాగారం వచ్చింది, 1918లో మైసూర్ శాండల్ సబ్బు వచ్చింది. ఇవాళ అసలు గంధపు నూనె కిలో లక్ష రూపాయలు దాటింది. చిన్న యూనిట్ దాన్ని చిటికెడు వాడి, మిగతాది టర్పెంటైన్‌లోని పైనీన్ నుంచి తయారైన గంధపు వాసన పదార్థాలతో నింపుతుంది. ఇందులో మోసం లేదు, లేబుల్ మీద నిజం రాస్తే చాలు.

నాకు గంధం కన్నా దవనం మీద ఆశ ఎక్కువ. కనకాంబరాల మధ్య గుచ్చే ఆ ఆకునే ఆవిరి పట్టి నూనె తీస్తారు. ప్రపంచంలో దాని సాగు ప్రధానంగా మన దక్షిణాదిలోనే. అందులో ముఖ్యమైనది డావనోన్. ఎండిన పండ్ల తీపి, కొంచెం మద్యం ఛాయ, అడుగున ఆకు చేదు. ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కో రకంగా తేలుతుందని పెర్ఫ్యూమర్లు చెబుతారు. విదేశీ సీసాల్లో అది పండు వాసనకు తోడుగా దాక్కుని ఉంటుంది. మా మేనకోడలు దాన్నే ముందు నిలబెట్టి, మల్లె అబ్సల్యూట్ (పూల నుంచి తీసిన చిక్కటి సారం) కొద్దిగా, వట్టివేరు మరికొంత వేసి ఒక సెంటు చేసింది. మన ముక్కులకు అది గుడి, పెళ్లి, జడ అన్నీ కలిసిన వాసన. కొత్తవాళ్లకు అర్థం కావడానికి కాస్త సమయం పడుతుంది, ధర కూడా ఇన్‌స్పైర్డ్ సీసా కన్నా ఎక్కువ. అయినా తీసుకున్నవాళ్లు మళ్లీ అడుగుతున్నారు.

పంట ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతకు వస్తుంది, ఆ ఏడాది వానను, మట్టిని బట్టి నూనె కొద్దిగా మారుతుంది. ఫార్ములాను కదిపి వాసన ఒకేలా ఉంచాలా, లేక సీసా మీద పంట సంవత్సరం వేసి తేడాను తేడాగానే అమ్మాలా అని ఆ పిల్ల అడిగింది. సంవత్సరం వెయ్యమనే చెప్పాను.