నల్లజాతి వేదాంతం: ఏటా నా తరగతిలో వినిపించే అపోహలు

క్రైస్తవ వేదాంత కళాశాలలో విమోచన వేదాంతాలు, అంటే అణగారినవారి పక్షాన బైబిలును చదివే ఆలోచనా ధారలు, బోధిస్తాను. వాటిలో అమెరికా నల్లవారి అనుభవం నుంచి క్రైస్తవ విశ్వాసాన్ని చూసే నల్లజాతి వేదాంతం పాఠం మొదలుపెట్టగానే ఏటా దాదాపు ఇవే మాటలు వింటాను.

అపోహ: ఇది 1960ల ఆవేశంలో పుట్టింది.
వాస్తవం: పేరు మాత్రమే అప్పటిది. దీనికి ప్రముఖ వేదాంతి అయిన జేమ్స్ కోన్ మొదటి పుస్తకం 1969లో వచ్చింది. కానీ అంతకు చాలా ముందే, 18వ శతాబ్దం చివర్లో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక మెథడిస్టు చర్చిలో మోకాళ్లూని ప్రార్థిస్తున్న నల్లవారిని మధ్యలోనే లేపి పక్కకు పొమ్మన్నారు. రిచర్డ్ ఆలెన్, తోటివారు లేచి బయటికి నడిచారు. 1816లో ఆలెన్ నాయకత్వాన ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి ఏర్పడింది.

అపోహ: యజమాని చేతిలో పెట్టిన బైబిలును బానిసలు మారుమాట లేకుండా నమ్మారు.
వాస్తవం: ఆ బైబిలంటే యజమానులకే భయం. వెస్టిండీస్ బానిసల కోసం 1807లో లండన్‌లో అచ్చు వేసిన ప్రతిలో ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి బయటపడిన కథ లేదు. యజమానులకు లోబడమన్న అపొస్తలుడు పౌలు మాటలు మాత్రం భద్రంగా ఉన్నాయి. నల్లజాతి వేదాంతి హోవర్డ్ థర్మన్ అమ్మమ్మ బానిసగా పుట్టింది, చదువు రాదు. మనవడి చేత బైబిలు చదివించుకునేది కానీ, పౌలు పత్రికలను (ఉత్తరాలను) దాదాపు ముట్టనిచ్చేది కాదు. యజమాని తెచ్చిన బోధకుడు ఎప్పుడూ "దాసులారా" అనే వాక్యమే ఎత్తుకునేవాడట. ఎప్పుడైనా చదువు వచ్చి, స్వేచ్ఛ కూడా వస్తే ఆ భాగం చదవనని ఆమె ఒట్టు పెట్టుకుంది. వ్యాఖ్యానశాస్త్రం (గ్రంథానికి అర్థం చెప్పే పద్ధతి) అంటే ఏమిటని అడిగే విద్యార్థులకు నేను మొదట ఈ ముసలమ్మ సంగతే చెబుతాను.

అపోహ: యేసు చర్మం నలుపని వాదించడమే దీని పని.
వాస్తవం: కోన్ వేసిన ప్రశ్న వేరు: మూకలు నల్లవారిని చెట్లకు ఉరితీస్తున్న దేశంలో సిలువ గురించి అంత రాసిన పండితులకు ఆ చెట్లు ఎందుకు కనబడలేదు? ఇది తెలుగువారికి త్వరగా అందాలి. అపొస్తలుల కార్యముల అయిదో అధ్యాయంలో మన బైబిలు యేసును "మ్రానున" వేలాడదీశారనే అంటుంది. మ్రాను అంటే చెట్టే కదా!

అపోహ: అమెరికా పౌరహక్కుల చట్టాలతో నల్లవారి పోరాటం ముగిసింది.
వాస్తవం: 2015 జూన్‌లో అమెరికాలోని చార్లెస్టన్‌లో ఒక చర్చిలో బైబిలు అధ్యయనానికి కూర్చున్న తొమ్మిది మంది నల్లవారిని ఒక తెల్లజాతి దురహంకారి కాల్చి చంపాడు. అది ఆలెన్ నాటిన శాఖకు చెందిన చర్చే. ఇక నల్లవారిని చెట్లకు ఉరితీసినలాంటి మూక హత్యలను సమాఖ్య నేరంగా (దేశమంతటికీ వర్తించే నేరంగా) ప్రకటించే చట్టం 2022 దాకా రాలేదు.

అపోహ: దళిత వేదాంతం దీనికి నకలు.
వాస్తవం: 1981లో బెంగళూరులో వేదాంత పండితుడు అరవింద్ నిర్మల్ దళిత వేదాంత చర్చకు తెరతీసినప్పుడు నల్లజాతి వేదాంతం తోడుగా ఉన్న మాట నిజమే. అయితే రంగు, కులం ఒకే తీరున పనిచేయవు. అమెరికాలో బాప్తిస్మం తీసుకున్న నల్లవాడు కాగితాల్లోనూ నల్లవాడే. ఇక్కడ మాల, మాదిగలు క్రైస్తవులైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది. ఇల్లు మాత్రం ఊరి బయట ఆ పల్లెలోనే ఉంటుంది.