సైనిక వాహనాల మరమ్మతు జవాన్ల చేతికి: అపోహలు - వాస్తవాలు

బళ్ల నిర్వహణ కాంట్రాక్టర్ల నుంచి జవాన్లకు మారాలన్న మాట వస్తే చాలు, విశాఖలో వాదన మొదలవుతుంది. తరచూ వినపడే అపోహలు ఇవి.

అపోహ: జవానుకి పానా ఇస్తే ఉన్న బండి కూడా మూలపడుతుంది.

వాస్తవం: మన సైన్యంలో ఈ పనికే ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) దళం 1943 నుంచి ఉంది. సికింద్రాబాద్‌లో వాళ్లకు పెద్ద శిక్షణ కళాశాలే ఉంది. జవాన్లకు చేతకాదన్నది వట్టి మాట. చేయనివ్వకపోతే మాత్రం ఎంతటివాడి చేయైనా మొద్దుబారుతుంది.

అపోహ: బండి కదలకుండా ఉంటే నెలకోసారి కాంట్రాక్టరు మెకానిక్ చూస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం ఇక్కడే. విశాఖ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువ. గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకుల కంప్రెసర్ ఆ తేమ గాలినే పీలుస్తుంది, అది చల్లారాక గాలి నిల్వ ఉండే ట్యాంకులో నీరవుతుంది. ఆ నీరు వాల్వుల్లోకి చేరితే తుప్పు పడుతుంది, బ్రేకు పట్టేసి వదలదు. అందుకే ఎయిర్ ట్యాంకు నీళ్లు రోజూ తీయాలి. మొదట చక్రాలకు అడ్డాలు పెట్టాలి, గాలి పోతే బ్రేకు పట్టే ఏర్పాటు అన్ని బళ్లకూ ఉండదు. ఇంజన్ ఆపి, కంప్రెసర్‌కి దగ్గరి ట్యాంకుతో మొదలుపెట్టి ఒక్కో డ్రెయిన్ కాక్ (నీరు వదిలే కుళాయి) తిప్పాలి. పొడి గాలి వచ్చేదాకా ఆగాలి. పాలలా తెల్లగా నూనె కలిసి వస్తే కంప్రెసర్ రింగులు అరిగాయని అనుమానించాలి. తర్వాత గాలి నింపి, ఇంజన్ ఆపి ప్రెషర్ గేజ్ చూడాలి. ట్రెయిలర్ లేని లారీకి బ్రేకు తొక్కకుండా నిమిషానికి 2 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), తొక్కి పట్టుకుంటే 3 పీఎస్‌ఐ మించి పడితే ఎక్కడో లీకు ఉన్నట్టే.

బ్యాటరీలదీ ఇదే కథ. 24 వోల్టుల బండిలో రెండు 12 వోల్టులవి వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్నీ తినేస్తుంది, జంటగానే మార్చాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు ఆఖర్న. టెర్మినళ్లను గట్టిగా బిగించాకే వ్యాజలీన్ రాయాలి.

అపోహ: పనిముట్లు అప్పగిస్తే బదిలీ పూర్తయినట్టే.

వాస్తవం: ఇప్పటి ఇంజన్లలో చాలా లోపాలు ఇంజన్ కంప్యూటరుకి స్కానర్ పెడితేనే తెలుస్తాయి. దాని సాఫ్ట్‌వేర్, రిపేర్ మాన్యువల్, నట్లు ఎంత గట్టిగా బిగించాలో చెప్పే టార్క్ అంకెలు, స్పేర్ల నంబర్లు కంపెనీ దగ్గరే ఉండిపోతే జవాను చేతిలో ఉన్నది ఉత్త పానాయే. అమెరికా సైన్యానికి తగిలిన చిక్కూ ఇదే. పాత, కొత్త ఒప్పందాల్లో మరమ్మతు హక్కు చేర్చాలని 2025 ఏప్రిల్ 30న అక్కడి రక్షణ మంత్రి ఆదేశించారు. మన ఒప్పందాల్లోనూ ఇవి కొనుగోలు నాడే రాయించుకోవాలి. కొన్న తర్వాత అడిగితే ధర వాళ్లు చెప్పిందే.

శిక్షణ ఒక్కడికే ఇస్తే అతని పోస్టింగ్‌తో ఆ పనీ వెళ్లిపోతుంది. బండికి కనీసం ఇద్దరికి నేర్పాలి.

అపోహ: మొదటి ఏడాదే ఖర్చు తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. పనిముట్లు, స్పేర్ల నిల్వ, శిక్షణ ఖర్చు ముందే పడుతుంది. ఆ డబ్బుతో కొనేది సంసిద్ధత. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి, ఫోన్లు పలకలేదు. అలాంటి రోజున గాజువాక ఆటోనగర్ నుంచి మెకానిక్ రాగలడా? సహాయానికి బయల్దేరే లారీ పక్కన అప్పటికే ఉన్నవాడే దాన్ని బాగుచేయాలి.

అపోహ: ఇక కాంట్రాక్టరుతో పనే లేదు.

వాస్తవం: ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు క్యాలిబ్రేషన్‌కి టెస్ట్ బెంచ్ కావాలి, టర్బో బ్యాలెన్సింగ్‌కి దాని యంత్రం కావాలి. అవి లేని వర్క్‌షాపులో వాటిని విప్పకూడదు, బయటికి పంపాలి. వారంటీలో ఉన్న బండికైతే ఏ పని జవాను చేయొచ్చో ముందే కాగితం మీద తేల్చుకోవాలి. ఫిల్టర్లు, బెల్టులు, హోసులు, బ్రేకు సర్దుబాటు, చక్రాలు యూనిట్లోనే జరగాలి. చక్రం మార్చాక నట్లు ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లలోపు మళ్లీ టార్క్ రెంచ్ పెట్టి, లాగ్‌బుక్‌లో సంతకం చేయాలి.