రన్‌వే మీద కార్ రేసులు: అపోహలు - వాస్తవాలు

ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ వచ్చినప్పటి నుంచి కర్నూలు పిల్లోళ్ళు నన్ను అడిగేది ఒకటే, "అన్నా, ఫ్లైట్లు తక్కువే కదా, అంత పెద్ద రన్‌వే ఖాళీగా ఉండాది, ఒక ఆదివారం తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ రేస్ పెట్టుకుంటే ఏమైతాది?" అని. కడప వాళ్ళూ అదే అడుగుతారు. నా పని మోటార్‌స్పోర్ట్ సేఫ్టీ, రేసప్పుడు ట్రాక్ పక్కన ఉండి భద్రత చూసుకునే మార్షల్స్‌కి ట్రైనింగ్ ఇస్తుంటా. ఆ కోరికలో నాకేం తప్పు కనపడలేదు, రాత్రిపూట హైవే మీద పందేలు కాసేదానికన్నా ఇది వెయ్యి రెట్లు మేలు. కానీ దాంతోపాటు వచ్చే కొన్ని నమ్మకాలు మనుషుల ప్రాణాల మీదికి తెచ్చేవి, అందుకే రాస్తున్నా.

అపోహ: రన్‌వే ఉంటే ట్రాక్ ఉన్నట్టే.

వాస్తవం: ఎయిర్‌ఫీల్డ్‌లో రేసులు కొత్తేం కాదు. సిల్వర్‌స్టోన్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ స్థావరం, మన పక్కన మద్రాసు దగ్గర షోలవరంలో పాత ఎయిర్‌స్ట్రిప్ మీదే ఏళ్ళ తరబడి రేసులు జరిగినాయి, అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో అయితే 1982 నుంచి 2007 దాకా నడుస్తున్న ఎయిర్‌పోర్ట్‌నే మూసేసి పెట్టేవాళ్ళు. కానీ రన్‌వే కట్టింది విమానం కోసం, దాని పక్కన ఏదీ అడ్డం ఉండకూడదనేదే రూలు, అంటే కారు అదుపు తప్పితే పట్టి ఆపేది అక్కడ ఏమీ ఉండదు, అదంతా మనం తెచ్చి పెట్టుకోవాలి, మళ్ళీ తీసేయాలి. ఓర్వకల్లు రన్‌వే 2000 మీటర్ల పొడవు, వెడల్పు 30 మీటర్లే. గంటకు 250 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకు దాదాపు 70 మీటర్లు, డ్రైవర్ కాలు బ్రేక్ మీదికి పోయేలోపే సగం ఫుట్‌బాల్ గ్రౌండ్ దాటిపోతాడు. 2006లో ఇంగ్లాండ్‌లో ఎల్వింగ్‌టన్ ఎయిర్‌ఫీల్డ్ మీద టీవీ షో కోసం జెట్ కారు నడిపిన రిచర్డ్ హామండ్‌కి గంటకు 280 మైళ్ళ పైన టైర్ పగిలింది, కారు పల్టీలు కొట్టింది, తలకు పెద్ద దెబ్బ. ఎయిర్ అంబులెన్స్‌లో లీడ్స్ ఆస్పత్రికి తీసుకుపోయినారు, బతికినాడు. మన దగ్గర ఆ ఏర్పాటు ఏముందో ముందే కాగితం మీద రాసుకోవాలి.

అపోహ: ఫామ్ మీద సంతకం పెట్టించుకుంటే మాకు సంబంధం లేదు.

వాస్తవం: నేను విన్నవాటిలో అన్నిటికన్నా భయపెట్టే మాట ఇదే. డ్రైవర్ సంతకం పెడితే రేసింగ్‌లో సహజంగా ఉండే రిస్క్‌కి ఒప్పుకున్నట్టు అనొచ్చు, అంతే. అంబులెన్స్ పెట్టకపోవడానికీ జనాన్ని అంచుదాకా రానియ్యడానికీ ఎవరూ ఒప్పుకోలేదు. మనిషి పోతే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 106 సెక్షన్ కింద నిర్లక్ష్యం కేసు పెట్టేది ప్రభుత్వం, శిక్ష 5 ఏళ్ళ దాకా ఉంది, ఆ కేసుకి మీ ఫామ్ అడ్డం రాదు. ఇంక చూడ్డానికి వచ్చినోళ్ళు ఏ ఫామ్ మీద సంతకం పెట్టినారు?

ఇంగ్లాండ్‌లో ఒక కేసు నేను ప్రతి ట్రైనింగ్‌లో చెప్తా. పాత కార్ల రేసు. జనాన్ని ఆపే తాళ్ళూ ట్రాక్ తాళ్ళూ అన్నీ ఒకే గుంజకు కట్టేసినారు. ఎక్కడో దూరంగా ఒక కారు చక్రం తాడుకి చుట్టుకుంది, చక్రం తిరిగేకొద్దీ తాడు లాక్కుంటూ పోయింది, గుంజలు వరసగా పీక్కొచ్చినాయి, ఇక్కడ గుంజ పక్కన ఇంటోళ్ళతో నిలబడి చూస్తున్న మనిషిని ఎత్తి అవతల పడేసింది. చనిపోయినాడు. నిర్వాహకుల తప్పేనని కోర్టు తేల్చింది, కానీ గేటు దగ్గర "మాకు బాధ్యత లేదు" అని పెట్టిన బోర్డు వాళ్ళని కాపాడింది. ఆ తీర్పు 1972లో. 1977లో అక్కడ చట్టమే మారింది, నిర్లక్ష్యం వల్ల చావు గానీ గాయం గానీ జరిగితే నోటీసు పెట్టి తప్పించుకునేదానికి లేకుండా చేసినారు. నా దృష్టంతా ఆ గుంజ మీదే ఉంటుంది, ముందురోజు ఒక్కడు తిరిగి చూసి "ఇది వేరేగా కట్టండి" అని ఉంటే చాలు.

అపోహ: ఎయిర్‌పోర్ట్ స్థలం ఇస్తాదంతే, మిగతాదంతా ఆర్గనైజర్‌దే.

వాస్తవం: 1995లో హర్యానాలో డబ్వాలి అగ్నిప్రమాదం జరిగింది స్కూల్ ఫంక్షన్‌లో, ఒక మ్యారేజ్ హాల్లో. పరిహారం విషయంలో కోర్టు ఫంక్షన్ పెట్టిన స్కూల్‌నీ వదల్లేదు, స్థలం ఇచ్చిన హాల్‌నీ వదల్లేదు, ప్రభుత్వ సంస్థల్నీ వదల్లేదు. రన్‌వేకీ అదే ఆలోచన వర్తిస్తుంది. ఎయిర్‌పోర్ట్ లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకి బాధ్యత ఉంటుంది, కడప అయితే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, ఓర్వకల్లు అయితే రాష్ట్ర ఎయిర్‌పోర్ట్స్ కార్పొరేషన్. "ఏదైనా జరిగితే ఆర్గనైజర్ భరిస్తాడు" అని అగ్రిమెంట్‌లో రాసుకుంటే అది వాళ్ళిద్దరి మధ్య లెక్క, దెబ్బతిన్న కుటుంబం ఇద్దరి మీదా కేసు వేయొచ్చు. పైలట్లకి రన్‌వే మూత గురించి నోటమ్ (అధికారిక ముందస్తు నోటీసు) పోవాలి, లోపలికి వచ్చే ప్రతి మనిషికీ బండికీ సెక్యూరిటీ అనుమతి ఉండాలి, రేసుకి ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ (దేశంలో మోటార్‌స్పోర్ట్‌ని చూసుకునే సంస్థ) పర్మిట్ ఉండాలి. ఎమ్మెల్యే గారితో ఫోన్ చేయిస్తే సరిపోయే పని కాదిది.

అపోహ: కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా.

వాస్తవం: మామూలు పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వర్తించవు. ఇంటికి పోయి పాలసీ తీసి చదవండి. ఈవెంట్‌కి వేరేగా తీసుకోవాల్సిందే.

అపోహ: ఎయిర్‌పోర్ట్‌లో ఫైరింజన్ ఎట్లాగూ ఉంటుంది.

వాస్తవం: అది విమానాల కోసం ఉంచింది, అది రేసు కారు దగ్గర ఉన్నంతసేపూ విమానాలకి ఆ రక్షణ లేనట్టే. నుజ్జయిన కారులో నుంచి మెడ కదలకుండా మనిషిని తీసేది వేరే విద్య, దానికి కట్టర్లూ ట్రైనింగ్ అయిన టీమూ మనవే ఉండాలి. అంబులెన్స్ పేషెంట్‌తో గేటు దాటితే ఇంకోటి వచ్చేదాకా రేసు ఆగాలి, స్పాన్సర్ ఎంత గొణిగినా సరే.

అపోహ: అయిపోయినాక ఊడ్చేస్తే చాలు.

వాస్తవం: 2000లో పారిస్‌లో కాంకార్డ్ కూలి 113 మంది పోయినారు, దానికి మూలం వేరే విమానం నుంచి ఊడి రన్‌వే మీద పడిన ఒక లోహపు పట్టీ. రేసు కార్లు నట్లు, క్లిప్పులు, కార్బన్ ముక్కలు, ఆయిల్, రబ్బరు అన్నీ వదిలిపోతాయి. మార్షల్స్ అడ్డంగా వరస కట్టి ఈ కొస నుంచి ఆ కొసకి నడవాలి, ఎడ్జ్ లైట్లు ఒక్కొక్కటీ చూడాలి, తర్వాత ఎయిర్‌పోర్ట్ వాళ్ళు తనిఖీ చేసి సంతకం పెడితేనే రన్‌వే తెరవాలి. అందుకే నేను ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఈ నడకకి వెలుతురు ఉన్న టైం ముందు తీసి పక్కన పెట్టి, మిగిలినదాంట్లోనే రేసులు సర్దుతా.