స్విట్జర్లాండ్ వెళ్లే తెలుగువాళ్ల అపోహలు – అసలు సంగతులు

తెలుగు కుటుంబాలను స్విట్జర్లాండ్ తిప్పి చూపించడం నా పని. బయల్దేరే ముందు అందరూ దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతారు. వాటి వెనక ఉన్న అపోహలు కూడా అవే.

అపోహ: యుంగ్‌ఫ్రావ్ మంచుకొండ పైకి వెళ్లే రైలు టికెట్ తేదీతో సహా ఇక్కడే కొనేసుకుంటే టెన్షన్ ఉండదు.

వాస్తవం: అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. కింద ఇంటర్‌లాకెన్‌లో ఎండ కాస్తున్నా, 3,454 మీటర్ల ఎత్తులో ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్‌ని మబ్బు కమ్మేసి ఉండొచ్చు. అంత డబ్బు పోసి పైకెళ్లి, ఏమీ కనపడక దిగి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. పేరున్న శిఖరాలన్నిటి మీదా లైవ్ కెమెరాలు ఉంటాయి. పొద్దున్నే ఫోన్‌లో చూసి, ఆకాశం తేటగా ఉంటేనే కదలండి. అందుకే ఆ చుట్టుపక్కల కనీసం మూడు రాత్రులు ఉండమని చెబుతాను. ఒక రోజు కుదరకపోతే ఇంకో రోజు చేతిలో ఉంటుంది. వాన పడితే బెర్న్ పాతపట్నానికి వెళ్లండి. అక్కడ దుకాణాల ముందు కిలోమీటర్ల పొడవున కప్పు ఉన్న నడవాలున్నాయి, తడవకుండా తిరగొచ్చు. నన్నడిగితే ఐదు రోజుల్లో నాలుగు హోటళ్లు మారే ప్యాకేజీ శుద్ధ దండగ.

ఇంకో మాట: అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులున్న పెద్దవాళ్లు ముందే డాక్టర్‌ని అడగాలి. పైన మెట్ల దగ్గర తొందరపడకూడదు.

అపోహ: స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే కొండలన్నీ ఫ్రీ.

వాస్తవం: మామూలు రైళ్లు, బస్సులు, సరస్సుల్లో పడవలు, 500కు పైగా మ్యూజియాలు పాస్‌లోకి వస్తాయి. రిగి, స్టాన్సర్‌హార్న్ కొండలు కూడా వస్తాయి. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి మాత్రం గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకానే పాస్ చెల్లుతుంది. అక్కడి నుంచి పైకి 25 శాతం తగ్గింపు, అంతే. కొండల మధ్య అందాలు చూపించే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ రైల్లో ప్రయాణానికి పాస్ సరిపోతుంది కానీ సీటు రిజర్వేషన్ డబ్బులు విడిగా కట్టాలి. రోజూ ఊరు మారేవాళ్లకు పాస్ లాభం. ఒకేచోట ఉండి ఒకటి రెండు కొండలు ఎక్కేవాళ్లు సగం ధరకు టికెట్లు ఇప్పించే హాఫ్ ఫేర్ కార్డ్ లెక్క కూడా వేసుకోవాలి. 16 ఏళ్ల లోపు పిల్లలకు అమ్మానాన్నలతో కలిసి టికెట్ లేకుండా తిరిగే ఫ్యామిలీ కార్డ్ ఉచితంగా ఇస్తారు. అడగడం మర్చిపోకండి.

అపోహ: స్విస్ అంటే మంచే.

వాస్తవం: మన సినిమా పాటల పుణ్యం! దక్షిణాన లుగానోకి వెళ్తే సరస్సు ఒడ్డున తాటి జాతి చెట్లు, ఇటాలియన్ మాట్లాడే జనం. లోజాన్ పక్కన లావో ద్రాక్షతోటలు మెట్లు మెట్లుగా సరస్సులోకి దిగుతున్నట్టుంటాయి. అక్కడ ఫ్రెంచ్. వీలుంటే అక్కడ ఒక పూట నడవండి.

అపోహ: యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి వేరే వీసా కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో స్విట్జర్లాండ్ 2008 డిసెంబర్ నుంచి ఉంది. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. డబ్బు మాత్రం ఫ్రాంకులు. కొన్నిచోట్ల యూరోలు తీసుకుంటారు, చిల్లర ఫ్రాంకుల్లోనే ఇస్తారు.

అపోహ: చీజ్ ఫాండ్యూ (కరిగించిన చీజ్‌లో బ్రెడ్ ముంచుకుని తినే వంటకం) శాకాహారమే కదా!

వాస్తవం: గ్రుయేర్ లాంటి సంప్రదాయ చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వేస్తారు. పైగా ఫాండ్యూలో వైన్ పోస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు, పిల్లలకు పెట్టేవాళ్లు ఆర్డర్‌కి ముందే అడగాలి. జ్యూరిక్‌లో 1898 నుంచి నడుస్తున్న హిల్ట్ల్ అనే శాకాహార రెస్టారెంట్ ఉంది, అక్కడ బెంగ ఉండదు.

వంట చేసుకునేవాళ్లు సరుకులు శనివారమే కొనేయాలి. ఆదివారం పెద్ద రైల్వే స్టేషన్లలో తప్ప షాపులు దాదాపు ఉండవు. ఆవకాయ, కందిపొడి సామానులో వేసుకోవచ్చు. చికెన్, మటన్ పచ్చళ్లు, నెయ్యి మాత్రం వద్దు. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం అక్కడ నిషేధం. కస్టమ్స్‌లో దొరికితే తీసేసుకుంటారు.